కొటేషన్‌లో ఎవరూ చదవని వరుసలు

స్క్రూడ్రైవర్ పట్టడం రెండు రోజుల్లో వస్తుంది. ప్రాసెసర్‌ని బోర్డు మీద కూర్చోబెట్టడం వారంలో వస్తుంది. మొదటిసారి చెయ్యి వణుకుతుంది, నాలుగోసారికి వణకదు. కలకత్తా చాందినీ చౌక్‌లో ముప్పై ఏళ్ళు కంప్యూటర్లు బిగించి, మొన్న దుర్గా పూజల ముందే పని మానేసినవాణ్ణి. మన పనిలో కష్టం బిగించడం కాదని నేను గట్టిగా చెప్పగలను. వచ్చినవాడి దగ్గర డబ్బు తక్కువ ఉంటుంది, ఆశ ఎక్కువ ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఏది కొనాలో, ఏది మానాలో మనం చెప్పాలి. మంచి సలహా ఇస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు. తప్పు సలహా ఇస్తే మాత్రం తిరిగొచ్చి కౌంటర్ ముందు నిలబడతారు.

నేను పుట్టింది వాట్‌గంజ్‌లో. మా నాన్న రేవు డాకుల్లో ఓడల సరుకు దించేవాడు. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో బెంగాలీ. రాయడం మా అమ్మ నేర్పింది, కాబట్టి తప్పులుంటే ఆవిడ ఖాతాలో వెయ్యకండి, నావే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మన పిల్లలు కొందరు నన్ను అడుగుతున్నారు, తక్కువ డబ్బులో గేమింగ్ కంప్యూటర్‌కి ఏ భాగాలు ఎంచాలని. చెబుతాను. అయితే భాగాల పేర్లు చెప్పను, అవి ఆర్నెల్లకోసారి మారతాయి. నేను చేసిన తప్పులు చెబుతాను, అవి మారవు.

కాగితం

మా బజారులో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు నేరుగా కొనడు. మొదటి దుకాణంలో కొటేషన్ రాయించుకుంటాడు, ఆ కాగితం పట్టుకుని అయిదు దుకాణాలు తిరుగుతాడు. ప్రతి దుకాణమూ కింద మొత్తం ఒక మెట్టు తగ్గించి రాయాలి. లేకపోతే మనిషి జారిపోతాడు.

ఎక్కడ తగ్గిస్తాం? ప్రాసెసర్ పేరు వాడికి కంఠతా వచ్చు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పేరైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అక్కడ చెయ్యి పెడితే పట్టేస్తాడు. మా యజమాని బిమల్‌దా నేను చేరిన కొత్తలోనే చెవిలో వేశాడు. "శేషేర్ దుటో లైన్ కేవు పొడే నా." చివరి రెండు వరుసలు ఎవరూ చదవరు అని. ఆ రెండు వరుసలూ పవర్ సప్లై, మానిటర్. అక్కడ నాసిరకం పెట్టి, మిగిల్చినదంతా మొత్తంలో తగ్గించి చూపించేవాళ్ళం.

బిమల్‌దా చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే ఇంటికి పళ్ళు పంపేవాడు. కానీ ఆ మాట నాకు నేర్పకుండా ఉండాల్సింది. నేను ఆ విద్యలో ఆయన్ని మించిపోయాను.

సిమెంటు ముద్ద

సాల్ట్‌లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కరీంనగర్ అబ్బాయి ఒకడు వచ్చాడు. మంచి కార్డు కావాలన్నాడు, డబ్బు చాల్లేదు. నేను చివరి వరుసలో పవర్ సప్లై మార్చేశాను. "ఇది సరిపోతుందా" అని అడిగాడు కూడా. సరిపోతుందన్నాను. వైశాఖంలో గాలివానలు మొదలయ్యాయి, కరెంటు పోవడం రావడం ఎక్కువైంది. ఒక సాయంత్రం పవర్ సప్లై కాలింది, పోతూ పోతూ మదర్‌బోర్డునీ కార్డునీ వెంటబెట్టుకుపోయింది.

వాడు అరవలేదు. "అన్నా, నువ్వే కదనే సాల్తదన్నవ్. తెలుగాయన అని నీ దగ్గరికొచ్చిన," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ కాలిన పెట్టెని విప్పి చూశాను. పాతవాళ్ళు చెప్పే చిట్కా ఒకటుంది, పవర్ సప్లైని చేత్తో ఎత్తి చూడు, బరువున్నదే మంచిది అని. దీన్ని నేను ఎత్తే చూశాను, బరువుగానే ఉంది. లోపల ఒక మూల చిన్న సిమెంటు ముద్ద అతికించి ఉంది. పనిలో ముప్పై ఏళ్ళవాడినైనా, మూడు రోజులవాడినైనా మోసం చేసే సరుకు ఇది. అందుకని బరువు నమ్మకండి. పక్కన అంటించిన కాగితంలో పన్నెండు ఓల్టుల మీద ఎన్ని వాట్లు ఇస్తుందో చదవండి. కార్డుకి ఎంత కావాలో చూసి, దాని మీద ఇంకొంచెం ఉండేలా కొనండి. చిన్న కార్డు మంచి పవర్ సప్లై మీద అయిదేళ్ళు ఆడుతుంది. పెద్ద కార్డు చెత్త పవర్ సప్లై మీద ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి.

వాడిన కార్డుల గురించి కూడా ఒక మాట. రాత్రింబవళ్ళు ఏళ్ళ తరబడి నడిపించిన కార్డుల్ని కడిగి, తుడిచి, కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతారు. స్క్రూ తలలు అరిగి ఉన్నాయా చూడండి. కొనేముందు అక్కడే ఒక గంట బరువైన ఆట నడిపించండి. గంటసేపు నడపనివ్వని దుకాణంలో కొనకండి, అది మీ సొంత దుకాణమైనా సరే.

ఆ దెబ్బతో నేను బాగుపడ్డాననుకున్నాను. పవర్ సప్లైని కొటేషన్‌లో మొదటి వరుసకి తెచ్చాను. చాలా గర్వంగా ఉండేది. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

రైలాట

ఒక మధ్యాహ్నం నీరుకావి రంగు చీరలో ఒకావిడ వచ్చింది. పేరు పైడితల్లి, ఉండేది సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో. నేను ఫోన్లో మా ఇంటిదానితో మాట్లాడుతుంటే విని ఆగింది.

"తెలుగోలేనా బాబూ?"

"అవునప్పా. రా, కూకో." మా వైపు అక్కని అప్ప అంటాం.

"ఆటలాడే కంపీటర్ కావాల. మా ఇంటాయనకి."

నాకు నవ్వొచ్చింది. "ఏ ఆట అప్పా?"

"రైలాట. ఇంజినెక్కి తోలతారు గదా, అది. ఆయనకి కళ్ళు..."

"అన్నీ నేను చూసుకుంటాను గదా. నువ్వు బెంగెట్టుకోకు," అని ఆవిడ మాట మధ్యలోనే తుంచేశాను.

ఆవిడ చెప్పబోయింది ఏమిటో నాకు తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెబుతాను. భర్త సింహాచలం ఇరవై తొమ్మిదేళ్ళు రైలింజను నడిపాడు. షుగరు వల్ల చూపు తగ్గింది. కంటి పరీక్షలో ఫెయిలయ్యాడు. ఇంజను దింపేసి ఆఫీసులో కాగితాలు సర్దే పనిలో వేశారు. జీతం పోలేదు, మనిషి పోయాడు. ఏమడిగినా ఊఁ అనడం తప్ప మాట్లాడ్డం మానేశాడు. ఖరగ్‌పూర్‌లో అల్లుడి ఇంటికి వెళ్ళినప్పుడు అల్లుడు కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట ఆడుతున్నాడు. సింహాచలం వెనక నిలబడి మూడు గంటలు ఆగకుండా మాట్లాడాడు. ఇక్కడ హారన్ కొట్టాలి, ఇక్కడ బ్రేకు ఇంకా ముందు వెయ్యాలి అని. ఏడాది తర్వాత భర్త గొంతు విన్న ఆవిడ, ఆ కంప్యూటర్ మా ఇంట్లో కూడా ఉండాలని వచ్చింది.

అదీ సంగతి. నేను మాత్రం ఏమనుకున్నానంటే, ఇంట్లో ఒక కొడుకున్నాడు, వాడు తుపాకుల ఆట ఆడుకోవడానికి తల్లికి రైలు కథ చెప్పి పంపాడు. ఇలాంటివి చాలా చూశాను. చదువుకోసం అని చెప్పి కొనిపించుకునేవాళ్ళు, ఆఫీసు పనికని చెప్పేవాళ్ళు. వయసు మళ్ళిన తెలుగు ఇంజను డ్రైవరు ఆటలాడతాడంటే నాకు నమ్మకం కలగలేదు. మనవాళ్ళంటే మనకే ఎంత చులకనో చూడండి. అదే మాట నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడే మనిషి చెప్పి ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి.

కనబడని ఆ కొడుకుని మనసులో పెట్టుకుని కంప్యూటర్ కట్టాను. ఉన్న డబ్బులో సగం గ్రాఫిక్స్ కార్డుకి. మానిటర్ చిన్నది, కానీ తుపాకుల ఆటకి పనికొచ్చే చురుకైనది. చెవులు మూసే పెద్ద హెడ్‌ఫోన్. క్యాబినెట్‌కి గాజు తలుపు, లోపల మూడు ఫ్యాన్లు, వాటి చుట్టూ రంగురంగుల దీపాలు. పవర్ సప్లై మంచిదే పెట్టాను, మర్చిపోలేదు. దీపాలు వెలిగించి చూసుకుని నాకు నేనే మురిసిపోయాను. ఆవిడ వాటి వంక చూసి, "బావుంది బాబూ, పూజ పందిరి నాగ," అని టాక్సీలో వేసుకుని వెళ్ళింది.

పది రోజులకి మళ్ళీ వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"ఏటప్పా, పనిచెయ్యట్లేదా?"

"పనిసేస్తంది బాబూ. ఆయనే కూకోడం నేదు. పది నిమిసాలు కూకున్నాడు, లెగిసిపోనాడు. ఇప్పుడు ఆ ఊఁ కూడా అనడం నేదు."

"మీ కొడుకు ఆడుతున్నాడా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మాకు కొడుకెక్కడున్నాడు? ఒక్కర్తే కూతురు."

ఆదివారం ఇంటికొచ్చి చూస్తానన్నాను.

సంత్రాగాఛిలో

లోకల్ రైలెక్కి వెళ్ళాను. క్వార్టర్స్‌లో రెండు గదులు. ముందు గదిలో గోడకి పెద్ద టీవీ, కిటికీ పక్కన బల్ల మీద నేను కట్టిన కంప్యూటర్. దాని మీద తువ్వాలు కప్పి ఉంది. సింహాచలం గారు పొడుగాటి మనిషి, కళ్ళజోడు దళసరి. నన్ను కూర్చోమన్నారు. కంప్యూటర్ గురించి ఒక్క మాట అనలేదు. పెద్దమనిషి కాబట్టి అనలేదు, దాంతో నాకు ఇంకా ఇబ్బందిగా ఉంది.

"ఒక్కసారి నా ముందు నడపండి బాబాయ్. ఎక్కడ తేడా కొట్టిందో చూస్తాను," అని బతిమాలాను.

తువ్వాలు తీసి ఆన్ చేశారు. క్యాబినెట్‌లో దీపాలు వెలిగాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, మళ్ళీ ఎరుపు, గిరగిరా తిరుగుతున్నాయి. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

"సూడు బాబూ," అన్నారు. "కుడి పక్కన రెడ్డూ గ్రీనూ ఒక్కసారే ఎలగతాంటే ఏ బండి కదుల్తాది? నా సెయ్యి ఊరికే బ్రేకు మీదకి ఎల్లిపోతంది."

ఇరవై తొమ్మిదేళ్ళు రంగు చూసి బండి ఆపిన మనిషి చెంప పక్కన నేను సిగ్నళ్ళ తిరనాళ్ళ పెట్టాను. మా బజారులో ఎవరికైనా ఇది తడుతుందా? ఎన్ని దీపాలుంటే అంత గొప్ప కంప్యూటర్ అనుకునేవాళ్ళం.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు, రెండు నిమిషాలకే తీసేశారు. "సెవులు మూసీస్తే బండెలా తోలతాం? సగం బండి సెవితోనే తోలతాం. అది పాదాల్లోంచి కూడా వినపడాల." తర్వాత తెర. ముక్కు ఆనేంత దగ్గరగా వంగారు. ఆ చిన్న మానిటర్‌లో దూరపు సిగ్నల్ అంటే ఆవగింజంత చుక్క. అది ఏ రంగో ఆయనకి తెలియలేదు. బండి ఎర్ర సిగ్నల్ దాటేసింది, ఆట ఆగిపోయింది.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆసుపత్రిల డాక్టరు ఒకసారి ఫెయిలు సేసినాడు," అన్నారు నెమ్మదిగా. "మా ఇంట్ల మళ్ళీ ఎందుకు బాబూ?"

పైడితల్లప్ప వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేసింది. ఈ సిగ్గు కరీంనగర్ అబ్బాయి దగ్గర పడిన దానికంటే పెద్దది. అక్కడ నాసిరకం సరుకు ఇచ్చాను. ఇక్కడ మంచి సరుకే ఇచ్చాను, ఎవరికిస్తున్నానో అడక్కుండా ఇచ్చాను. ఆవిడ కళ్ళు అని మొదలుపెడితే నోరు మూయించాను.

మార్చినవి

పని చేసేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. రైలాటకి అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్ గట్టిదుండాలి, ర్యామ్ కొంచెం ఎక్కువుండాలి. కార్డు తగ్గించాను, ఆ రెండూ పెంచాను. మానిటర్ వెనక్కి తీసుకున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో గోడకి పెద్ద తెర ఎప్పట్నుంచో ఉంది. కేబుల్ ఒకటి కొంటే చాలు. "మరి నీ సీరియళ్ళో అప్పా?" అనడిగాను. "ఆ సీరియల్లో ఎవులూ సావరు, ఎవులూ బాగుపడరు. ఓ నెల మానేసినా కత అక్కడే ఉంటాది," అంది. క్యాబినెట్‌కి మామూలు రేకు తలుపు వేసి, ఫ్యాన్ల దీపాల తీగలు పీకేశాను. హెడ్‌ఫోన్ బదులు నేల మీద పెట్టే బరువైన స్పీకరు. విమానాల ఆట కోసం చేసిన చేతి లివర్ ఒకటి మా దుకాణంలో అమ్ముడుపోక దుమ్ము పట్టి ఉంది. అది బ్రేకుకి సరిపోతుందనిపించింది.

వాడిన కార్డు వెనక్కి తీసుకోవాలంటే బిమల్‌దా ఒప్పుకోవాలి. కార్డులో ఏదో లోపం ఉందని అబద్ధం చెప్పాను. ఆయన దాన్ని తీసుకెళ్ళి గంటసేపు నడిపించి చూశాడు. శుభ్రంగా నడిచింది. నా మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా దాన్ని వాడిన సరుకు అరలో పెట్టేశాడు. ఆయన గురించి పైన రాసిన మాటకి ఇది కూడా కలిపి చదువుకోండి.

రెండో కుర్చీ

మరుసటి ఆదివారం అన్నీ పట్టుకుని వెళ్ళాను. లివర్‌ని ఆటకి అలవాటు చెయ్యడానికే మధ్యాహ్నం దాటింది. సింహాచలం గారు వచ్చి కూర్చున్నారు. స్పీకరులోంచి ఇంజను గుర్రు మొదలవగానే నేల కొద్దిగా అదిరింది. ఆయన చెప్పులు విడిచి, పాదాలు నేలకి ఆనించారు. లివర్ కదిపి చూశారు. బండి కదిలింది.

నాలుగు సిగ్నళ్ళు బాగా వెళ్ళాయి. అయిదోది ఒక మలుపు తర్వాత వచ్చింది. అంత పెద్ద తెర మీద కూడా ఆయన కంటికి అందలేదు. బండి దాటేసింది, ఆట ఆగిపోయింది. ఆయన లివర్ వదిలేసి లేవబోయారు. నా సంచిలో మార్చడానికి ఇంకే భాగమూ మిగల్లేదు.

"ఎర్రదే," అంది పైడితల్లప్ప గుమ్మంలోంచి. "నాకు కనపడతానే ఉంది. సెప్పొచ్చో సెప్పకూడదో తెలీక ఊరుకున్నాను."

ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"సెప్పాల," అన్నారు. "సెప్పాల గదే. ఇంజన్ల ఇద్దరుంటాం. సిగ్నల్ కనపడితే ఒకలు రంగు పైకి సెప్పాల, రెండో ఓలు అదే రంగు తిరిగి సెప్పాల. ఇద్దరు సెప్తేనే సూసినట్టు. నాకొక్కడికే కనపడాలని ఎవులన్నారు?"

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయనకి ఎడమ పక్కన వేసుకుంది. "అక్కడ కాదు, ఇంకొంచెం ముందుకి," అని ఆయనే జరిపించారు. పెళ్ళయి అన్నేళ్ళయినా ఆయన ఇంజన్లో ఏం చేసేవారో ఆవిడకి తెలియదట. అన్నం డబ్బా కట్టివ్వడం వరకే తెలుసు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. గంట గడిచినా ఆపలేదు. పసుపంటే ఎంత నెమ్మదించాలి, రెండు పసుపులంటే ఏం చెయ్యాలి, వానలో పట్టాలు జారితే ఏం చెయ్యాలి. నేను సంచి సర్దుకుని గోడ పక్కన నిలబడ్డాను, వెళ్ళొస్తానని రెండుసార్లు అన్నాను. వాళ్ళకి వినపడలేదు.

"గ్రీను," అంది ఆవిడ.

"గ్రీను," అన్నారు ఆయన. బండి వేగం పుంజుకుంది. కొంతసేపటికి తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నారు, "ఇరవై తొమ్మిదేళ్ళు నా పక్కన ఎవులెవులో కూకున్నారే. నువ్వొక్కదానివే ఎప్పుడూ కూకోనేదు."

ఆవిడ కూడా తల తిప్పలేదు. కళ్ళు మాత్రం ఒకసారి భుజంతో ఒత్తుకుంది.

"ఎల్లో," అంది.

"ఎల్లో," అన్నారు. లివర్ నెమ్మదిగా వెనక్కి లాగారు.